డ్రైవరు దాచుకున్న దగ్గు

వయసు మళ్ళినవాళ్ళనూ రోగులనూ ఉంచుకుని చూసుకునే ఆ ఆశ్రమంలో అందరూ టీ తాగుతారు. డ్రైవరు మాత్రం తింటాడు. పక్షవాతం ఆయన కుడిచేతినీ సగం మాటనూ లాక్కుని, పోతూ పోతూ గొంతును కూడా వదులు చేసింది. పల్చటిది ఏది తాగినా దారి తప్పి ఊపిరితిత్తుల వైపు పోతుంది. అందుకని ఆయన టీలో తెల్లటి పొడి కలిపి చిక్కగా చేస్తారు. చెంచా గుచ్చితే కాసేపు నిలబడుతుంది. బతుకంతా లారీ నడిపి, ఆగిన ప్రతిచోటా టీ తాగిన మనిషికి చివరికి పోస్టర్లు అంటించే మైదా జిగురు దక్కింది.

ఆ పొడి వేయించింది మాటల టీచరు. పోయిన మాటను మళ్ళీ నేర్పడం ఆమె పని. కానీ రోజులో సగం ఆమె చేసేది గొంతుల కాపలా. ఎవరు ఏం మింగాలో, ఎలా మింగాలో ఆమె చెప్పాలి. గొంతు మీద వేళ్ళు ఆనించి, మింగేటప్పుడు గొంతుముడి పైకి లేచిందో లేదో చూస్తుంది. తర్వాత ‘ఆ’ అనమంటుంది. ఆ ‘ఆ’ పొడిగా ఉండాలి. బుడబుడమంటూ తడిగా వచ్చిందంటే తాగింది దారి తప్పినట్టే.

డ్రైవరుకు ఆమె ఒక కిటుకు చెప్పింది. గడ్డం గుండెకు ఆనించి మింగితే దారి తప్పదంది. తల వంచి తాగడానికి తానేమన్నా గేదెనా అని ఆయన సగం మాటతో, సగం సైగతో అడిగాడు. యజమాని ముందు దించని తల. పోలీసుల ముందు దించని తల. పెళ్ళాం అలిగి అన్నం మానేసినా దించలేదు. ఆవిడ పోయింది. తల అలాగే ఉంది.

పోయినసారి పల్చటి టీ తాగించి చేసిన పరీక్షలో ఆయన దగ్గాడు. పొడి మానొద్దని టీచరు చెప్పింది. దాంతో దగ్గితే పొడి తప్పదని ఆయన తేల్చుకున్నాడు. ఈసారీ పొడే అయితే టీ పూర్తిగా మానేస్తానన్నాడు. పొడి కలిపిన నీళ్ళు అప్పటికే సగం మానేశాడు. నాలుక ఎండి చెక్క అయింది. ఇలాగే సాగితే ఆస్పత్రి మంచం ఎక్కాల్సిందేనని నర్సు రోజూ అంటూనే ఉంది.

అదే బల్ల దగ్గర కూర్చునే టైలరమ్మకు చూపు తగ్గినా నోరు తగ్గలేదు. ఉపాయం ఆమెదే. నువ్వు దగ్గు ఆపుకో అన్నయ్యా, మేమంతా కలిసి దగ్గుతాం, నీ గొంతులో గరగర వచ్చినా ఆ పిల్లకేం వినబడుతుంది అంది. బల్ల దగ్గర మిగతా ఇద్దరూ సరేనన్నారు. వాళ్ళకు వేరే పనేముంది?

టీ వేళకు టీచరు చిన్న కప్పులో పల్చటి టీ పట్టుకొచ్చింది. డ్రైవరు గొంతు మీద వేళ్ళు ఆనించింది. గడ్డం దించమంది. ఆయన నిటారుగా కూర్చునే గుక్క వేశాడు. రుచికి కళ్ళు మూతలు పడ్డాయి. వెంటనే తెరుచుకున్నాయి. దారి తప్పింది. మొహం కందింది. దగ్గు బిగబట్టి, తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాడు.

టైలరమ్మ దగ్గింది. పక్కవాళ్ళిద్దరూ అందుకున్నారు. వెనక బల్లవాళ్ళు కూడా, ఇదేదో కొత్త వ్యాయామమనుకుని దగ్గారు.

టీచరు అంతా సద్దుమణిగేదాకా ఆగింది.

“అందరికీ ఒకేసారి పొలమారిందా? ఎవరో గట్టిగానే తలుచుకుంటున్నారు,” అంది. “బాబాయినొక్కణ్ణే ఎవరూ తలుచుకోవడం లేదు పాపం.”

ఆ మాట డ్రైవరుకు గుచ్చుకుంది. పొలమారితే నెత్తిన తట్టి, ఎవరో తలుచుకుంటున్నారనే మనిషి ఆయనకు ఒకతే ఉండేది. ఎదురుగా నువ్వుండగా ఇంకెవరు తలుచుకుంటారే అని కసిరేవాడు.

టీచరు ‘ఆ’ అనమంది. అన్నాడు. మరుగుతున్న గిన్నెలా బుడబుడమంది.

దగ్గమంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“పొడి వేసింది నువ్వు దగ్గావని కాదు బాబాయ్, గట్టిగా దగ్గలేదని. దగ్గు నీకు బ్రేకు. పోయినసారి సగమే పడింది. ఇవాళ అసలు కాలే పెట్టడం లేదు. కొండ దిగేటప్పుడు లోడు బండిని ఇలాగే వదిలేసేవాడివా?”

బ్రేకు మాట ఎత్తాక డ్రైవరు ఊరుకోలేకపోయాడు. దగ్గాడు. బల్ల మీద కప్పులు గలగలమన్నాయి. మూల కుర్చీలో కునుకుతున్న పెద్దాయన లేచి, వాన వస్తోందా అని అడిగాడు. తమ దగ్గులన్నీ దీని ముందు దిగదుడుపేనని టైలరమ్మ ఒప్పుకుంది.

బ్రేకు బాగుందని, ఇక స్టీరింగు చూపించమని టీచరు అంది. గడ్డం దించి మింగి, ‘ఆ’ పొడిగా అంటే, రోజూ ఆమె ఎదురుగా ఒక చిన్న కప్పు పల్చటి టీ. దించనంటే పొడే.

డ్రైవరు కప్పు వంక చూశాడు. ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూశాడు. అందరూ చూస్తున్నారు. తల దించాడు. గుక్క వేశాడు.

‘ఆ’ అన్నాడు. ఎండకు ఆరిన బట్టలా పొడిగా వచ్చింది.

“కట్టుకున్నదాని ముందు దించని తల, కప్పు ముందు దించావు కదా అన్నయ్యా,” అంది టైలరమ్మ. అందరూ నవ్వారు.

డ్రైవరు మాట కోసం వెతుక్కున్నాడు. అందించబోయినవాళ్ళను టీచరు చేత్తో వారించింది. ఎవరి మాట వాళ్ళకే రావాలి.

“అది... ఎప్పుడూ... అడగలేదు,” అన్నాడు.

టీ చల్లారిపోతోందని టీచరు గుర్తు చేసింది. ఈసారి చెప్పకుండానే డ్రైవరు గడ్డం గుండెకు ఆనించాడు. గుటక పడింది. తల లేవలేదు.

టీచరు కప్పు అందుకుంది.

“మింగడం అయిపోయింది బాబాయ్,” అంది. “ఇక తల ఎత్తొచ్చు.”