ఐదు నుంచి ఏడు దాకా

నా జీవితంలో నేను నమ్మిన మనుషులు తక్కువ. దేవుణ్ణి అసలే నమ్మలేదు. కాలేజీలో ముప్పై రెండేళ్లు తత్వశాస్త్రం చెప్పాను. పిల్లలు చాటుగా నాకు పెట్టుకున్న పేరు అనుమానాల మాస్టారు. ఆ పేరు నాకు తెలియదనుకునేవాళ్లు. తెలియడమే కాదు, లోలోపల మురిసిపోయేవాణ్ణి కూడా. లోకమంతా కళ్లు మూసుకుని నమ్ముతుంటే నేనొక్కణ్ణే కళ్లు తెరిచి చూస్తున్నానని నా గొప్ప.

రిటైరయ్యాక పదకొండేళ్లు కూర్చుని ఒక పుస్తకం రాశాను. మనిషి మంచివాడూ కాదు, చెడ్డవాడూ కాదు, చూసేవాళ్లుంటే ఒకలా, లేకపోతే ఇంకోలా ఉండే ప్రాణి అని నా వాదన. నీతి అంటే ఎదురింటివాడి కిటికీ. ఆ కిటికీ మూసి ఉన్నప్పుడు కూడా బుద్ధిగా ఉండక తప్పని పరిస్థితి వచ్చి, పైనుంచి ఒకడు చూస్తున్నాడని మనిషి కల్పించుకున్నాడు. మతమంటే అదే. ఏడో అధ్యాయం పేరు ‘చూసేవాళ్లు లేని మంచి’. అలాంటిదేదీ ఉండదని అందులో తేల్చాను. పుస్తకానికి గుండెకాయ ఆ అధ్యాయం.

ఆ పదకొండేళ్లూ అక్కయ్య నాతోనే ఉంది. బావ పోయాక వచ్చింది. నేను పెళ్లి చేసుకోలేదు. కాఫీలో చక్కెర వేశారో లేదో అని మూడుసార్లు అడిగేవాడికి పిల్లనెవరిస్తారని అక్కయ్య అనేది. ఆమె ఒక ప్రెస్సులో ఇరవై తొమ్మిదేళ్లు ప్రూఫులు దిద్దింది. పాఠ్యపుస్తకాలు, పెళ్లి శుభలేఖలు, వ్యవసాయ కరపత్రాలు, ఏదొచ్చినా ఆమెకు ఒకటే. “ప్రూఫు చూసేవాళ్లు అర్థం జోలికి పోకూడదురా. అర్థంలో పడితే అక్షరం తప్పించుకుంటుంది” అనేది. నా రాతలు ఆమె ఏనాడూ చదవలేదు. చదవదన్న ధీమా నాకు గట్టిగా ఉండేది. ఆ ధీమా మీదే ఒక పని చేశాను.

నా పుస్తకం అచ్చు వేసే ప్రెస్సాయన చెప్పిన రోజుకి ప్రూఫులివ్వడం పుట్టి బుద్ధెరిగి జరగలేదు. కనీసం రెండు నెలలు ఆలస్యం చేస్తాడని నమ్మి, ఆ సందులో కంటి ఆపరేషన్ పెట్టించుకున్నాను. రెండో కన్ను ఎప్పుడో మసకబారింది. నెల రోజులు అక్షరం చూడకూడదని డాక్టరమ్మ నల్ల కళ్లద్దాలు పెట్టి పంపింది. ఇంటికొచ్చిన మూడో రోజున ప్రెస్సాయన ప్రూఫుల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. జీవితంలో నేను నమ్మిన ఒకే ఒక్క మనిషి అలా మోసం చేశాడు.

“వారంలో ఇచ్చేయాలి మాస్టారూ. తర్వాత మిషన్ ఖాళీ ఉండదు” అన్నాడు.

“నేనున్నాగా. పైకి చదువుతాను, వాడు వింటాడు” అంది అక్కయ్య.

ఏడో అధ్యాయంలో నేను రాసిన ఒక ఉదాహరణ గుర్తొచ్చింది.

మూడేళ్ల కిందట ఒక పొద్దున అక్కయ్యకీ నాకూ మాటామాటా వచ్చింది. “ఎప్పుడు చూసినా మనుషుల్ని తిడుతూ రాస్తావు. నీకెవరూ ఏ మంచీ చెయ్యలేదురా?” అంది. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఆ సాయంత్రం ఆమె మందిరానికి వెళ్లాక, ఏడో అధ్యాయంలో ఆమెనే ఉదాహరణగా పెట్టి పంతొమ్మిది లైన్లు రాశాను. తర్వాత కోపం పోయింది, లైన్లు ఉండిపోయాయి. మరిచిపోయానని చెప్పగలిగితే బాగుండేది. మరిచిపోలేదు. వాదనకు అంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు, అందుకే ఉంచాను.

చదవడం మొదలైంది. అక్కయ్య తన ప్రెస్సు పద్ధతిలో కామాలూ ఫుల్‌స్టాపులూ అన్నీ పలుకుతూ చదివేది. తప్పు కనిపిస్తే ఎర్ర కలం గీరిన చప్పుడయ్యేది. ఆమెకు ఎక్కడైనా సందేహం వస్తే పక్కన ప్రశ్నగుర్తు పెట్టి సున్నా చుట్టేది. వాటిని చివర్లో రచయిత తేల్చాలి. రోజుకు ఇరవై ఐదు పేజీల చొప్పున ఐదో రోజుకి ఏడో అధ్యాయానికి వచ్చాం.

“అక్కయ్యా, ఈ అధ్యాయం వదిలెయ్. రాసినప్పుడే రెండుసార్లు సరిచూసుకున్నాను” అన్నాను.

“సరిచూసేసిన ప్రూఫని ప్రపంచంలో ఏదీ లేదు. రాసినవాడికి తన తప్పు అసలే కనపడదు” అని పేజీ తిప్పింది.

నూట పన్నెండు, నూట పదమూడు. ఆ లైన్లు వచ్చేలోగా ఆపమని చెప్పడానికి రెండు పేజీల వ్యవధి ఉంది. చెప్పలేదు. అర్థం జోలికి పోదుగా అని చివరి ఆశ ఒకటి పట్టుకుని కూర్చున్నాను.

“నాకు బాగా తెలిసిన ఒక స్త్రీ ఉంది, ఫుల్‌స్టాప్” అని చదివింది అక్కయ్య. “భర్త పోయాక ఆమె తమ్ముడి ఇంట్లో ఉంటోంది, ఫుల్‌స్టాప్. ప్రతి సాయంత్రం ఐదు కొట్టగానే మందిరానికి బయలుదేరుతుంది, ఫుల్‌స్టాప్. అది భక్తి కాదు, కామా, బేరం, ఫుల్‌స్టాప్. నా మోకాళ్ల నొప్పులు తగ్గించు, కామా, రెండు గంటలు నీ ముందు కూర్చుంటాను అనే బేరం, ఫుల్‌స్టాప్.”

గొంతులో ఏ తేడా లేదు. వ్యవసాయ కరపత్రం చదివినట్టే చదువుతోంది.

“ఇంకా లోతుగా చూస్తే, కామా, ఒకరి పంచన బతుకుతున్నాననే చిన్నతనాని...” ఆగింది. “ఇక్కడ న వత్తు పడలేదు. పెడుతున్నాను.” కలం గీరిన చప్పుడు. “చిన్నతనాన్ని ఆమె భక్తితో కప్పుకుంటోంది, ఫుల్‌స్టాప్. నేను దేవుడి మనిషిని, కామా, నన్ను తక్కువగా చూడకండి అని వీధి వీధంతా చాటుతూ నడుస్తుంది, ఫుల్‌స్టాప్.”

తనను తిట్టిన మాటలో జారిపోయిన అక్షరాన్ని తనే సరిచేసింది. నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. నల్ల కళ్లద్దాలు ఉన్నందుకు మాత్రం సంతోషించాను. అప్పుడు కూడా నా బెంగ, నా మొహం ఆమెకు ఎలా కనపడుతోందోననే.

అధ్యాయం పూర్తిచేసి, కాగితాలు సర్ది, “తల వెనక్కి వాల్చు” అంది. రోజూలాగే కంట్లో మందు చుక్కలు వేసింది. గోడ గడియారం ఐదు కొట్టింది. చెప్పులు వేసుకుంది, తలుపు దగ్గరికి లాగింది, వెళ్లిపోయింది.

మర్నాడు మిగిలిన పేజీలు అయిపోయాయి. మధ్యాహ్నం రెండింటికి అక్కయ్య ఎదురుగా కూర్చుని, “ఇక ప్రశ్నలు. నాలుగింటికి ప్రెస్సాయన వస్తాడు. చెప్పండి రచయితగారూ” అంది.

పుట్టిన దగ్గర్నుంచి నన్ను ఒరేయ్ అనే పిలిచింది. ఆ ‘గారు’ చెంప మీద పడినట్టయింది.

“నలభయ్యో పేజీ, పదకొండో లైను. ‘నూరేళ్ల క్రితం’ అన్నారు, ముందు పేజీలో ‘రెండు వందల’ అన్నారు. ఏది?”

“రెండు వందలు.”

“నూట పద్నాలుగో పేజీ, ఆరో లైను. వాస్తవం సరిచూడాలి.”

“ఏ వాస్తవం?” అన్నాను.

“ఆమె మందిరానికి భక్తితోనో బేరంతోనో వెళ్తుందని రాశారు. ఆమెకు దేవుడి మీద నమ్మకం లేదు. భర్త పోయిన ఏడాదే అదీ పోయింది.”

నేను కుర్చీలో నిటారుగా సర్దుకున్నాను. “మరి నాకెప్పుడూ చెప్పలేదే!”

“చెబితే నువ్వు సంతోషిస్తావు. అది చూడలేక చెప్పలేదు.”

“మరి రోజూ ఎందుకెళ్తున్నావు?”

అక్కయ్య కలానికి మూత పెట్టిన చప్పుడు వినిపించింది. “నేను వచ్చిన కొత్తల్లో నువ్వేమన్నావో గుర్తులేదా? ఐదు నుంచి ఏడు దాకా రాసుకుంటాను, ఇంట్లో మనిషి అలికిడి ఉంటే ఒక్క వాక్యం కూడా సాగదు అన్నావు. అంతసేపు ఎవరింటికని వెళ్లను? రోజూ వెళ్తే ఎవరికైనా విసుగే. మందిరంలో అయితే ఎందుకొచ్చావని ఎవరూ అడగరు.”

అన్నాను. ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు ఆమె వంటింట్లో గిన్నెలు సర్దుతోంది, నేను తలుపు దగ్గర నిలబడి ఆ మాట అనేసి నా గదిలోకి పోయాను. తర్వాత పదకొండేళ్లు ఐదింటికి ఇల్లు నిశ్శబ్దమైపోయేది. అది నా అదృష్టమనుకున్నాను. ప్రపంచంలో ప్రతిదాన్నీ అనుమానించినవాణ్ణి, ఆ నిశ్శబ్దం ఎక్కణ్ణుంచి వస్తోందని ఒక్కనాడు అనుమానించలేదు. ఆ పంతొమ్మిది లైన్లు కూడా ఆమె ఇల్లు ఖాళీచేసి ఇచ్చిన ఆ రెండు గంటల్లోనే రాశాను.

ఏదో ఒకటి చెయ్యకపోతే కూర్చోలేననిపించింది. “రాసుకో అక్కయ్యా, మార్చి చెబుతాను” అన్నాను. “నాకు బాగా తెలిసిన ఒక స్త్రీ ఉంది. ఎవరూ చూడకుండా, ఏ ఫలితమూ ఆశించకుండా, పదకొండేళ్లు తన సాయంత్రాలను త్యాగం చేసిన...”

“ఆపండి. ఇదీ తప్పే.”

“ఇందులో తప్పేముంది?”

“త్యాగమని ఎవరు చెప్పారు? ఇంట్లో ఉంటే నీ మొహం చూస్తూ కూర్చోవాలి. అక్కడ ఫ్యాను కింద హాయిగా ఉంటుంది. నిన్న తిట్టావు, ఇవాళ పీట మీద కూర్చోబెడుతున్నావు. రెండుసార్లూ నన్ను అడగలేదు.”

క్షమించమని అడుగుదామనుకున్నాను. ముప్పై రెండేళ్లు గంటల తరబడి మాట్లాడిన నోరు, అంత చిన్న మాట దగ్గర మొరాయించింది.

“కొట్టెయ్ అక్కయ్యా. మొత్తం కొట్టెయ్” అన్నాను. “అది పోతే అధ్యాయం నిలబడదని తెలుసు. పోనీ.”

“రచయిత వాక్యాన్ని ప్రూఫు చూసేవాళ్లు కొట్టకూడదు. ఇరవై తొమ్మిదేళ్లలో నేనెప్పుడూ కొట్టలేదు. మీరే కొట్టాలి.”

“నాకు కనపడదు కదా!”

కుర్చీ జరిగింది. వచ్చి నా పక్కన కూర్చుంది. ఎర్ర కలం నా వేళ్ల మధ్య పెట్టి, నా మణికట్టు పట్టుకుని కాగితం మీదికి తీసుకెళ్లింది. “ఇది మొదటి లైను. గీయండి. చివరి దాకా పోవాలి. ఆ, ఇప్పుడు కిందికి.” చిన్నప్పుడు పలక మీద నా చేత అక్షరాలు దిద్దించింది కూడా ఆ చెయ్యే. ఒక్కో లైనూ గీశాను. చెమటకు కలం జారుతోంది. “ఇది ‘పంచన’ అని ఉన్న లైను. వంకర పోతోంది, సరిగ్గా కొట్టండి” అంది. సరిగ్గా కొట్టాను. పంతొమ్మిదీ అయ్యేసరికి నా భుజం లాగేసింది.

ప్రెస్సాయన వచ్చి చూసి లబోదిబోమన్నాడు. “ఇన్ని లైన్లు ఎగరగొడితే వెనక పేజీలన్నీ కదిలిపోతాయి మాస్టారూ! దీని బదులు ఏం వేయమంటారు?”

“ఏమీ వద్దు, అంతమేరా ఖాళీగా వదిలెయ్” అన్నాను.

“అచ్చుతప్పనుకుంటారండీ.”

“అనుకోనీ.”

అతను గొణుక్కుంటూ వెళ్లాడు. ఐదు కొట్టింది. అక్కయ్య చెప్పులు వెతుక్కుంటున్న అలికిడి వినిపించింది.

“నేనిప్పుడు రాయడం లేదు కదా. ఇంట్లోనే ఉండొచ్చు కదా” అన్నాను.

“అలవాటైపోయింది.”

“అయితే నేనూ రానా?”

ఆమె నా చెప్పులు కాలితో నావైపు తోసింది. “రా. కానీ అక్కడ మాట్లాడకూడదురా. ఏడింటిదాకా నోరు మూసుకుని ఉండగలవా?”

మాట చివర ఆ ‘రా’ వినగానే నా కళ్లు తడిశాయి. కంటి మందు వల్ల కాదు.

మందిరంలో ఆమె చోటు మూడో వరసలో, స్తంభం పక్కన. ఆమె చెయ్యి పట్టుకుని వెళ్లి కూర్చున్నాను. వెనక మా వీధి మందుల షాపాయన గొంతు గుర్తుపట్టాను. భార్యతో గుసగుసగా అంటున్నాడు: “చూశావా, మన అనుమానాల మాస్టారు! చివరికి ఆయనా దారికొచ్చాడు. లోపలికొచ్చేటప్పుడు చెంపల మీద కన్నీళ్లే. కళ్లకి ఆపరేషనయిందిగా, భయం పట్టుకుని ఉంటుంది. అందరూ మొక్కేది అందుకేగా.”

నా వాక్యాలే. ఇంచుమించు నా కామాలతో సహా. వెనక్కి తిరిగి, అది కాదయ్యా అని చెప్పబోయాను. అక్కయ్య నా మోచేతి మీద వేలితో తట్టింది. ఊరుకున్నాను.

కొంతసేపటికి నడుము లాగడం మొదలుపెట్టింది. వెనక్కి ఆనుకుందామని జరిగాను. వీపుకి ఏమీ తగల్లేదు. చేత్తో తడిమి చూశాను. ఆ బెంచీకి ఆనుకునే చెక్కే లేదు. ఉత్త పలక, నాలుగు కాళ్లు. ఫ్యాను ఎక్కడో ముందు వరసల మీద తిరుగుతోంది, గాలి మాదాకా రావడం లేదు. పక్కన అక్కయ్య మోకాళ్లు మెల్లగా నొక్కుకుంటోంది, ఆ రాపిడి నాకు వినిపిస్తోంది.

హాయిగా ఉంటుందని చెప్పింది నాతో. ఎందుకలా చెప్పావని అడగాలనిపించింది. కానీ ఏడింటిదాకా మాట్లాడనని ఒప్పుకుని వచ్చాను, అందుకని నిటారుగా కూర్చున్నాను.