జోడు లేని లాకు తలుపు

నేను పడవల కాలవ మీది ఒక లాకు తలుపును. నా జోడును మా ఊరివాళ్లు రోడ్డు రోలరు కింద వేసి విరగ్గొట్టారు. ముక్కలు పొయ్యిలో పెట్టి అట్లు పోసుకుని తిన్నారు. మేళం పెట్టించి మరీ చేశారు. ఇందులో వాదనకేమీ లేదు.

మమ్మల్నిద్దరినీ ఒకే టేకు మానులోంచి కోశారు. మనుషుల్లో అయితే వరస కుదరదని పెళ్లి ఆపేవాళ్లు. కాలవ అంత పట్టింపుది కాదు. నీళ్లు వెనకనుంచి ఎంత తోస్తే మేమంత దగ్గరగా బిగిసేవాళ్లం.

కింది కాలవ నుంచి వచ్చిన పడవను మా ముందున్న లాకు తొట్టిలో నిలిపి నీళ్లు వదిలేవారు. అది మెల్లగా లేచి పైకాలవ మట్టానికి వచ్చాక మేం తెరుచుకునేవాళ్లం. ఆ ఆలస్యమే మా లాకులపేటను పుట్టించింది. ఆగిన పడవలోవాళ్లకు ఆకలి వేస్తుంది. అందుకని మంగాయమ్మ అట్ల హోటలు వెలిసింది. దాని పక్కన సోడాకొట్టు, మంగలి పీట, చివరికి ఒక సినిమా పాక కూడా వచ్చాయి.

తలుపులు తీసేవాడు పేరయ్య. తీయించేది మాత్రం మంగాయమ్మ.

"పేరయ్యన్నాయ్! అట్టింకా తిరగెయ్యలేదు!" అని ఆమె కేకేస్తే, పేరయ్య చెయ్యి ఆగిపోయేది.

"నీళ్లు నిండలేదయ్యా సరంగూ" అనేవాడు పడవవాడితో.

"నిండలేదా? పడవ గట్టుమీంచి తొంగి చూత్తంది మావా!"

"చూడనీ. అది తినదు కదా, నువ్వు తిను."

అంత సుఖంగా బతుకుతున్నవాళ్లకు రోడ్డు మీద మనసైంది. పడవలకే ఇంత గిరాకీ ఉంటే బస్సులకు ఎంతుంటుందోనని మంగాయమ్మ పెద్ద పెనం కూడా కొంది. రోడ్డు వెయ్యడానికి రోలరు వచ్చి పిల్లకాలవ దగ్గర ఆగిపోయింది. దాటడానికి వంతెన లేదు.

"తలుపొకటి ఊడదీసి అడ్డంగా పడేత్తే పోదా అన్నాయ్? నీళ్లనే ఆపింది, దీన్ని మొయ్యదా?" అంది మంగాయమ్మ.

పేరయ్య నా జోడును ఊడదీశాడు. మంగాయమ్మ రోలరుకు బొట్టు పెట్టింది. సన్నాయి మొదలైంది. రోలరు దాటింది. నా జోడు నడిమికి విరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. రోలరు దాటినందుకే అనుకోండి.

ఒంటి తలుపుతో నీళ్లాగవు. పడవలు రావడం మానేశాయి. బస్సు వచ్చింది.

"బాబూ, ఒక్క నిమిషం! అట్టు తిరగెయ్యలేదు!"

"మీ అట్టు కోసం ఆగితే నా ఉజ్జోగం పోద్దండీ!" అంటూ డ్రైవరు సాగిపోయాడు. ఆగితేనే బతికే ఊరికి ఆగని బండిని తెచ్చుకున్నారు. సోడాకొట్టు ఎత్తేశారు. సినిమా పాకలో మేకలు కట్టారు. పెద్ద పెనం బోర్లించారు. నన్ను ఊడదీసి హోటలు ముందు బల్లగా వేశారు. ఇన్నేళ్లుగా పేరయ్య రోజూ నా మీద కూర్చుని, పోయే బస్సుల్ని చూస్తుంటాడు.

మొన్న ఒక బస్సు టైరు సరిగ్గా మా ముందే పగిలింది. ప్రయాణికులు తిట్టుకుంటూ దిగారు. మంగాయమ్మ ముసలితనం మరిచి పెనం కడిగింది. కాసేపట్లో అల్లం వాసన కాలవగట్టంతా పాకింది. పేరయ్య లేచి, టైరు బిగిస్తున్న కుర్రాడి దగ్గరికి వెళ్లాడు.

"అప్పుడే బిగించకయ్యా. అట్టింకా తిరగెయ్యలేదు."

కుర్రాడు నవ్వి చేతులు తుడుచుకుని, తనకూ ఒకటి వెయ్యమన్నాడు. ఆ పూట లాకులపేట మళ్లీ లాకులపేట అయింది. నా మీద కూర్చోవడానికి జనం తోసుకున్నారు. బాగానే ఉంది. కాదనను.

వాళ్లలో ఒకాయన నన్ను తట్టి అడిగాడు. "ఇది లాకు తలుపు కదండీ? జంటగా ఉండాలే, రెండోదేదీ?"

మంగాయమ్మ పొయ్యి వైపు చూసింది. పేరయ్య కాలవ వైపు చూశాడు.

"ఇంకో అట్టు వెయ్యమంటారా బాబూ?" అంది ఆమె.

వాళ్లు చెప్పరు. అందుకే నేను చెప్పాను. ఇక ఎవరడిగినా చెప్పను.