పాపని చూస్తుండండి

"రెండ్రోజులు నీకు వంట గొడవ లేదు, హాయిగా రెస్ట్ తీసుకో" అని భర్త అన్నప్పుడు ఆమె మరిగే నీళ్ళలోంచి పాలసీసాలు తీస్తోంది. క్యాంపింగ్ సంగతి అతనికి ఆఫీసులో ఎవరో చెప్పారు. టెంటు, చిన్న గ్యాస్ స్టవ్వు అద్దెకి తెచ్చి తన పనైపోయిందన్నట్టు చేతులు దులుపుకున్నాడు. జ్వరం మందు, దోమల క్రీము, డైపర్లు, తడిస్తే మార్చడానికి బట్టలు, అవీ తడిస్తే ఇంకో జత... అవన్నీ ఆమె వంతు. వారమంతా ఆస్పత్రి ల్యాబులో జనానికి సూదులు గుచ్చి, "మీ ఆడవాళ్ళకి ఎప్పుడూ ఏదో ఒక వంక" అని సూపర్‌వైజర్ చేత అనిపించుకుని తెచ్చుకున్న సెలవది.

కొండ కింద టెంటు వెయ్యడం అతనికి చేతకాలేదు. కడ్డీలు ఒకదాంట్లో ఒకటి దిగకపోయేసరికి, చంకలో రెండేళ్ళ బాబుతో ఒంటి చేత్తో గుడ్డ పట్టుకున్న ఆమె మీద విరుచుకుపడ్డాడు. పక్క టెంటువాళ్ళు తిరిగి చూసేసరికి గొంతు మార్చి, "మా ఆవిడకి ఇలాంటివి అలవాటు లేవండీ" అని నవ్వాడు. నిజమే, టెంటు అలవాటు లేదు. నలుగురిలో నవ్వులపాలవడం మాత్రం బాగానే అలవాటైంది. గాలికి ఆరిపోతున్న స్టవ్వుకి ఒళ్ళు అడ్డం పెట్టి గుడ్లు ఉడకబెడుతుంటే, బయల్దేరేముందు అత్తగారన్న మాట గుర్తొచ్చింది. "ఎంత మంచివాడు కాకపోతే పెళ్ళాం పిల్లల్ని ఇలా షికారు తిప్పుతాడు! నీ అదృష్టం." ఆ అదృష్టానికి నడుం విరిగిపోతోందని ఎవరితో చెప్పుకోవాలి?

మర్నాడు పొద్దున కొండెక్కారు. బాబు ఆమె వీపు మీద, నీళ్ళ సంచి భుజాన, ఐదేళ్ళ పాప కొంగు పట్టుకుని. అతని మెడలో కెమెరా. సగం దూరం వెళ్ళేసరికి బాబుకి విరేచనమై ఆమె వీపంతా తడిసింది. పాప చేతిని అతని చేతిలో పెట్టి, "పాపని చూస్తుండండి. కొండ అంచు దగ్గరున్నాం, చెయ్యి వదలకండి" అంది. "ఆఁ ఆఁ, వెళ్ళు" అన్నాడు లోయవైపే చూస్తూ. ఆమె ఒక బండ చాటుకి వెళ్ళి, ఏడుస్తున్న పిల్లాణ్ణి కడిగి, బట్టలు మార్చి తిరిగొచ్చింది. అతనొక్కడే మోకాళ్ళ మీద కూర్చుని ఫొటో తీస్తున్నాడు.

"పాపేది?"

"నీ దగ్గరికేగా వచ్చింది!"

ఆమె పిల్లాణ్ణి చంకనేసుకుని పరిగెత్తింది. పేరు పెట్టి అరుస్తూ పొదలన్నీ గాలించింది. ముళ్ళు గీరుకుంటున్నా తెలియలేదు. అతనూ అరుస్తున్నాడు, కానీ పిలుస్తున్నట్టు కాదు, తిడుతున్నట్టు. చివరికి అరుపులు విని వచ్చిన ఫారెస్టు గార్డుకి కనిపించింది పాప, దారి కింద రాళ్ళ మధ్య. నుదుటి మీద రక్తం. వేలాడిపోతున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని, చప్పుడు చెయ్యకుండా కూర్చుంది.

"పిలుస్తుంటే పలకలేదేమమ్మా?" అంది ఆమె, పిల్లని గుండెకి హత్తుకుని.

"నాన్న కోపంగా పిలుస్తున్నాడు" అంది పాప. "ఒకటికొస్తోందని చెప్పా. అమ్మ దగ్గరికి పో, విసిగించకు అన్నాడు. నువ్వెటెళ్ళావో తెలీలేదు."

గార్డు ఆమెవైపే చూశాడు. "ఇంత చిన్నపిల్లని అలా వదిలేస్తారా తల్లీ?"

అతను పక్కకి చూస్తూ నిలబడ్డాడు. వాళ్ళమ్మ చూసుకుంటోందనుకున్నా అని గొణిగాడు. ఎప్పుడూ ఇలాంటప్పుడు ఆమె తల దించుకునేది. పెళ్ళైనప్పటినుంచీ ఎన్ని తప్పులు అలా తలకెత్తుకుందో! పాప వణుకు ఆమె ఒంట్లోకి పాకుతోంది.

"నేను వదల్లేదు. ఈయన చేతిలో పెట్టి వెళ్ళాను" అంది గార్డుతో, పైకే.

ఆస్పత్రిలో ఎముక విరిగిందన్నారు. చేతికి కట్టు కట్టించుకుని కారెక్కారు. ఫోన్ స్పీకర్లో అత్తగారు, "కన్నతల్లికి ఆ మాత్రం ధ్యాస ఉండద్దూ" అన్నారు. "దార్లో ఉన్నాం, ఇంటికొచ్చి మాట్లాడతా" అన్నాడతను. ఫోన్ పెట్టేశాక మాత్రం స్టీరింగు మీద గుద్దాడు.

"ముక్కూమొహం తెలీనివాడి ముందు నా పరువు తీశావు. ఇకమీదట పిల్లల్ని నాకు అప్పజెప్పకు!"

వెనక సీట్లో పాప ఉలిక్కిపడి, మూలుగు మింగేసింది. ఐదేళ్ళకే నేర్చేసుకుంది. ఆమె ఆ ముఖం చాలాసేపు చూసింది. పిల్లలకి తండ్రి ఉండాలనే కదా ఇన్నాళ్ళూ అన్నీ దిగమింగింది!

"అప్పజెప్పను" అంది.

తన మాట నెగ్గిందనుకుని అతను పాటలు పెట్టుకున్నాడు.

సోమవారం ఆమె ఆస్పత్రి ఆఫీసుకి వెళ్ళి, ఎవరూ పోనంటున్న పక్క ఊరి ల్యాబుకి తాను వెళ్తానని చెప్పింది. అక్కడిచ్చే క్వార్టర్లో ఎంతమంది ఉంటారని గుమాస్తా అడిగాడు.

"ముగ్గురం" అంది.