అమరావతి కేక వేయలేదు

తమిళులుండే ఊరు సూలూరులో మగ్గాల షెడ్ల వెనక వీధిలో అమరావతి కాపురం. పక్షవాతం వచ్చి మొగుడు శివరామన్‌కి కుడివైపంతా పడిపోయినప్పటి నుంచి ఆమె గడప దాటితే మందుల కొట్టుకే. అతన్ని తిప్పి పడుకోబెట్టడం, తుడవడం, గంజి తాగించడం, మళ్లీ తిప్పడం. మాట పోయినా అతనికి ఒక కూత మిగిలింది. అది వినబడితే చాలు, చేతిలో పని వదిలేసి వెళ్లాల్సిందే.

ఆ మధ్యాహ్నం అప్పుడే మార్చిన దుప్పటిని అతను మళ్లీ తడిపాడు. అమరావతి చెయ్యి పైకి లేచింది. కొట్టలేదు. కానీ లేచింది, అతను చూశాడు. ఆమె గబగబా స్నానాలగదిలోకి పోయి తలుపేసుకుంది. కొళాయి తిప్పి, ఆ చప్పుడు మాటున ఏడ్చింది.

కాసేపటికి గడియ తీయబోతే రాలేదు. తుప్పుపట్టి బిగుసుకుపోయింది. గోడ అవతలే పక్కింటి నిత్య ఉంటుంది, ఒక్క కేక వేస్తే చాలు. అమరావతి నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. బకెట్టు బోర్లించి దానిమీద కూర్చుంది. ఇప్పుడు వెళ్దామన్నా వెళ్లలేదు. ఆ ఆలోచనకే ఒళ్లు తేలికైంది.

బయట శివరామన్ కూత మొదలైంది. మళ్లీ, ఇంకా గట్టిగా. ఆమె చెవులు మూసుకుంది. ఆఖరికి గంజిగిన్నె నేలమీద పడి దొర్లింది.

ఆ చప్పుడుకు నిత్య పరుగెత్తుకొచ్చి సుత్తితో గడియ ఊడగొట్టింది.

"ఎన్నాచ్చు, ఏమైంది అక్కా? నన్ను యాల పిలవలేదు?"

"బయటికి వచ్చేదానికి మనసు రాలే, నిత్యా."

ఇద్దరూ గదిలోకి వచ్చారు. మంచం మీద శివరామన్ చెంపలు తడిసి ఉన్నాయి. అమరావతి అతని ఎడమచెయ్యి పట్టుకుంది.

"నాతో అయ్యేదిల్లే మామా," అంది.

అతను కళ్లు మూసుకున్నాడు. క్షమించాడో, అలిసిపోయాడో ఆమెకు తెలియలేదు.

"రేపట్నించి సాయంత్రం ఒక గంట నేనుంటా. మీరు యాడికన్నా పొయ్యి రండి," అంది నిత్య.

మర్నాడు అమరావతి బస్‌స్టాప్ దాకా వెళ్లింది. పీలమేడు బస్సు వచ్చి ఆగింది. అందరికీ పోవలసిన చోటుంది, ఆమెకే ఏమీ తోచలేదు. టీ కొనుక్కుని, సగం తాగకముందే గ్లాసు పెట్టేసి ఇంటికి తిరిగొచ్చేసింది.

"అప్పుడే యాల వచ్చేస్తిరి?" నిత్య కోప్పడింది.

ఆ పక్కరోజు మాత్రం టీ ఆఖరిదాకా తాగింది.