కదలని గుడ్లు

గోరువెచ్చని నీళ్లలో మోచేయి ముంచి చూసి, సోమ్లీ బేసిన్‌ను నీడలోకి జరిపింది. గంపలో ఊక మీద తెల్లకోడి రెక్కలు పరచి కూర్చుని ఉంది. దాని ఈకలు పగిలిన పత్తికాయలోని దూదిలా ఉంటాయి. సోమ్లీ దాన్ని ఒక చేత్తో ఎత్తి పక్కన దించి, కొబ్బరిచిప్ప గరిటె అందుకుంది. గుడ్లను చేత్తో తాకలేదు. పొదగేసిన నాటి నుంచీ తాకలేదు.

ఆమెకు యాభై దాటాయి. గడ్డం మీది పచ్చబొట్టు చుక్కలు ముడతల్లో కలిసిపోయాయి. మొగుడు రాంజీ పోయినప్పుడు జబ్బల మీది తెల్లగాజులు తీసేశారు. అవి ఉన్నచోట చర్మం ఇప్పటికీ పాలిపోయి, మిగిలిన చెయ్యి ఎండకు నల్లబడి ఉంటుంది.

కోళ్లు ఆమెవి కావు, గూడూరు జైపాల్ పటేలువి. ఆయనకు పొట్టిజాతి కోళ్లంటే పిచ్చి. సోమ్లీ ఇల్లు తండాకు ఎడంగా వాగు పక్కన ఉంది. ఊరి పుంజులు వచ్చి జాతి కలిపే భయం లేదని ఆమెకు పెంపకానికి పాలుకిచ్చాడు.

"గీ దూదికోడి సాదుది. పిల్లలున్న ఇంట్ల సాదుకునేటందుకు మంచిది, దేని గుడ్లయినా పొదుగుతది," అని మొదటిరోజే వివరంగా చెప్పాడు. "గా నల్లంచు ఈకలది సూసేటందుకే. గుడ్లు తక్కువ, పొదుగుడు రాదు. గీ పొట్టికాళ్లది సూడు, తోక తలకాయ మీదికెక్కింది. ప్రదర్శనల ముందుగాల నిలవడేది గిదే."

దూదికోడి కింద ఇప్పుడున్నవి ఆ పొట్టికాళ్ల కోడి గుడ్లు. పోయినసారి వాటిలో కొన్ని పిల్లలై లేవలేదు. తండాలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. కొడుకు బలరాం తర్వాత సోమ్లీ కన్న పిల్లలిద్దరూ పురిటిలోనే పోయారు. అప్పటి నుంచి బాలింత ఉన్న ఇంటికి ఆమెను ఎవరూ పిలవరు. ఆమె చేయి మంచిది కాదన్న మాట ఎదురుగా అనేది మాత్రం తండా చివరింటి రుక్కి ఒక్కతే.

ఇప్పుడు బలరాం భార్య శిరీషకు నెలలు నిండాయి. భూపాలపల్లి దగ్గరి పుట్టింటికి వెళ్లాల్సిన పిల్ల. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. తల్లి వచ్చే దారి లేదు. హైదరాబాదులో సెంట్రింగ్ పనికి పోయిన బలరాం వచ్చే దారీ లేదు. పురిటి దగ్గర ఉండాల్సిన ఇంటి ఆడమనిషి సోమ్లీయే.

"బిడ్డను నువ్వే పట్టాలె అత్తా. నాకు గా భయాలు లెవ్వు," అంది శిరీష, గడప మీద నడుం పట్టుకుని కూర్చుని.

"కోడిపిల్లలు లేవనియ్యి, సూద్దాం."

అన్నీ లేస్తే బిడ్డను ఎత్తుకుంటుంది. ఒక్కటి లేవకపోయినా ముట్టదు. ఈ మాట సోమ్లీ ఎవరికీ చెప్పలేదు.

గుడ్లను ఒక్కొక్కటిగా నీళ్లలోకి జార్చింది. లోపల ప్రాణముంటే తేలిన గుడ్డు దానంతటదే ఊగుతుంది. మొదటిది ఊగింది.

బిందెతో వాగు నుంచి వస్తూ రుక్కి ఆగింది. "ఏందక్కా, గుడ్లకు తానం పోస్తున్నవా? సబ్బు సుత పెట్టు. పటేలు ఫోటో దింపుతడు."

శిరీష నవ్వింది. సోమ్లీ గాలి తగలకుండా బేసిన్‌కు తన ఒళ్లు అడ్డం పెట్టి చూస్తోంది. ఎనిమిదింటిలో ఆరు ఊగుతున్నాయి. రెండు ఊగలేదు. నీళ్లు చల్లబడుతున్నాయని ఆరింటినీ గరిటెతో తీసి కోడి కింద పెట్టింది. మిగిలిన రెండింటి కోసం మళ్లీ వెచ్చని నీళ్లు పోసింది. అవి అలాగే ఉన్నాయి.

వాటిని మాత్రం చేత్తో తీసింది. కంచె పక్కన గడ్డపారతో గుంట తవ్వి పూడ్చింది. రుక్కి బిందె చంకన పెట్టుకుని చూస్తూ నిలబడింది.

మధ్యాహ్నం సోమ్లీ కోళ్లకు నూకలు చల్లింది. ప్రదర్శనకు పోవలసిన పుంజు కాళ్లకు నూనె రాసింది. కోడలికి నడుం కాచుకోను వేడినీళ్లు పెట్టింది. పొద్దు వాలాక ఖమ్మం వైపు పత్తి ఏరే కూలీల కోసం తండా దారిలో డీసీఎం లారీ వచ్చి ఆగింది. సోమ్లీ చేతిసంచితో రుక్కి వాకిట్లోకి వెళ్లి, గడప బయటే నిలబడింది.

"పిల్లకు ఇయ్యాలో రేపో నొప్పులొస్తయ్. నువ్వుండు రుక్కీ."

"మరి నువ్వెటు?"

"పత్తి ఏరపోతున్న."

"గిప్పుడా? పిచ్చి లేసిందా నీకు?"

"నీ చెయ్యి మంచిది," అంది సోమ్లీ.

రుక్కి చేతిలోని చాట కింద పెట్టింది. "నోటిదూల కొద్ది ఏదో అంటగాని అక్కా..."

సోమ్లీ అప్పటికే దారి మీద ఉంది. నిద్రపోతున్న శిరీషను లేపలేదు.

తెల్లారేసరికి రుక్కి చేతుల మీద శిరీషకు ఆడపిల్ల పుట్టింది. పగటికి ఆరు కోడిపిల్లలూ లేచాయి. సాయంత్రం జైపాల్ సమ్మె దీక్షా శిబిరం నుంచి, మెడలో కండువాతోనే, బండి మీద వచ్చాడు. రుక్కి పాపను ఎత్తుకుని వాకిట్లోకి వచ్చింది.

"ఎనిమిదింట్ల రెండు పోయినయ్ పటేలా. సోమ్లక్క మీద కోపం చెయ్యకుండ్రి."

"కోపమెందుకు?" జైపాల్ కోడిపిల్లను అరచేతిలో పెట్టుకుని దాని కాళ్లు చూస్తున్నాడు. "గీ జాతిల నాల్గోవంతు పెంకులనే పోతయ్. ఎవరు పొదగేసినా గంతే. ఆమె ఒక్కటి సుత ఖరాబు చెయ్యలే. ఏది, సోమ్లీ ఏది?"

రుక్కి పాపను గట్టిగా పొదువుకుంది.

"పటేలు ఏమంటున్నడక్కా?" అని లోపలి నుంచి శిరీష అడిగింది.

రుక్కి లోపలికి నడిచింది. దూలానికి దిగ్గొట్టిన మేకుకు బిడ్డ కోసం సోమ్లీ కుడుతున్న గవ్వల టోపీ వేలాడుతోంది. ఒకవైపు అద్దం కోసం దారంతో గుండ్రంగా గుర్తు వేసి ఉంది. అద్దం లేదు. సూది అక్కడే గుచ్చి ఉంది.