యాసిడ్ గది బోర్డు

పెళ్లికి ముందు నేర్చుకున్న జర్మన్ ఈ ఇంట్లో దేనికీ కొరగాదని కోడలు ఎప్పుడో నీళ్లొదులుకుంది. అలాంటిది మామగారే పిలిచి యాసిడ్ డ్రమ్ము మీది జర్మన్ అక్షరాలు చూపించారు.

"ఈ హెచ్చరిక మన భాషలో బోర్డు రాయించి పెట్టాలట. రేపు ఆఫీసరు చూడ్డానికొస్తాడు. ఏదో ఒకటి గిలికెయ్యమ్మా."

ఇంటి వెనకే ఇత్తడి గొళ్లేలు చేసే కార్ఖానా. మెరుపు కోసం వాటిని యాసిడ్‌లో ముంచితే గోధుమరంగు పొగ లేస్తుంది. ఇరుగుపొరుగు గోల పెడుతున్నారని మామగారు ఆ గది కిటికీకి మేకులు కొట్టించారు. లోపల వంతులవారీగా పనిచేసేది ఇద్దరే, మేస్త్రీ, ఆమె భర్తా. భర్త తండ్రి గీసిన గీత దాటడు. అతని దగ్గు వింటుంటే ఆమె ప్రాణం గిలగిల్లాడిపోయేది.

డ్రమ్ము మీద పొగ పేరుంది: ష్టిక్‌ఒక్సీడ్.

"'రంగు ఆవిరి' అని రాసెయ్," అన్నారు మామగారు.

"కాదు మామయ్యా. ఇవి రెండు మాటలు. 'ఒక్సీడ్' అంటే మన ఆక్సైడే. 'ష్టిక్' అంటే ఊపిరాడకపోవడం. నత్రజనికి వాళ్లు పెట్టుకున్న పేరులోంచి వచ్చింది. ఒట్టి నత్రజనిలో దీపం పెడితే ఆరిపోయిందట, ప్రాణిని పెడితే ఊపిరాడక చచ్చిందట. ఈ పొగ అంతకన్నా విషం. పేరు పెట్టినవాళ్లే దాచలేదు, మనమెందుకు దాచడం?"

"కోడల్ని తెచ్చుకున్నాం అనుకున్నా. నిఘంటువుని తెచ్చుకున్నామన్నమాట!"

ఆమె పట్టు వదల్లేదు. ఆ మాట కళ్లబడితే ఆఫీసరు కిటికీ తెరిపించకపోతాడా అని ఆశ. ఎర్రరంగుతో ఇంతింత అక్షరాలు రాసింది: 'ఊపిరాడనివ్వని విషపు పొగ. ప్రాణాపాయం.'

మర్నాడు ఆఫీసరు గుమ్మంలోంచే చదివాడు. "భేష్! ఇంత స్పష్టంగా ఎవరూ రాయరండీ," అని సంతకం గీకి వెళ్లిపోయాడు. కిటికీ వంక కన్నెత్తి చూస్తే ఒట్టు. మామగారి మొహం చేటంతయింది.

భర్త మూతికి గుడ్డ కట్టుకుంటుంటే ఆమె చెయ్యి పట్టుకుంది.

"వెళ్లకండి. బోర్డు చదివారుగా!"

"చదివాను. మేస్త్రీ కూడా చదివాడు. వాడికి పిల్లలున్నారు, దణ్ణం పెట్టి పని మానేశాడు. ఇక రెండు వంతులూ నావే."

అతను మెల్లగా చెయ్యి విడిపించుకుని లోపలికి నడిచాడు. పొగ ఆమెకి తగలకూడదని తలుపు గట్టిగా వేసుకున్నాడు.