కుడికాలికి ఇరవై ఒక్క రోజులు

పొద్దున ఐదున్నరకల్లా కాశమ్మ జావ బండి తార్నాక నుంచి క్యాంపస్‌కు తిరిగే మలుపులో నిలబడేది. వాకింగ్‌కు వచ్చే సార్లు గంభీరంగా చేతులూపుకుంటూ రెండు రౌండ్లు కొట్టి, ఆమె దగ్గర రెండు గ్లాసుల రాగిజావ తాగి, పోగొట్టుకున్న బరువంతా మళ్లీ తెచ్చుకుని ఇంటికి పోయేవారు.

ఆమె భర్త వెంకటనర్సయ్య గిన్నెలు దించిపెట్టి జువాలజీ డిపార్ట్‌మెంటుకు వెళ్లేవాడు. ముప్పై ఏళ్లుగా అక్కడ ల్యాబ్ అటెండరు. కప్ప కాలి నరానికి తీగ తాకించి, ఆ కాలు ఎగిరి తన్నడం విద్యార్థులకు చూపించడంలో ఒకప్పుడు అతన్ని మించినవాడు లేడు. ఇప్పుడు కప్పల్ని మానేసి కంప్యూటర్లో చూపిస్తున్నారు. అతనికి గాజు సామాను కడగడం మిగిలింది. యాసిడ్లకు, కాగే నీళ్లకు చేతులు చెప్పుల తోలులా తయారయ్యాయి.

షుగరు వచ్చిన ఆరో ఏట కాశమ్మ కుడిపాదం కబుర్లు ఆలస్యంగా పంపడం మొదలుపెట్టింది. మొదట్లో గంట, తర్వాత పూట. చివరికి ఇరవై ఒక్క రోజుల దగ్గర స్థిరపడింది. బండి చక్రం తగిలిన దెబ్బకు మూడు వారాలయ్యాక, జావ పోస్తూ పోస్తూ "అబ్బా" అనేది.

"ఏనాటిదక్కా?" అనేది పక్క టిఫిన్ బండి నవనీత, చట్నీ కలుపుతూనే.

"అమావాస్యనాటిది."

షుగరు డాక్టరమ్మ షారోన్ కూడా చీటీ మీద ఇరవై ఒకటని రాసి, పాదాన్ని రోజూ కళ్లతో చూసుకోమని చెప్పింది. నడకకు మాత్రం లోటు లేదు. "తలకాయకెళ్లి కాలికి పోయే బండి టైముకే పోతున్నది. కాలికెళ్లి వచ్చేదే లేటు" అని వెంకటనర్సయ్య అందరికీ వివరించేవాడు. అంత తెలిసినవాడే తప్పు చేశాడు.

ఒక ఆదివారం మడమలు పగిలాయని ఆమె కాలిని వేడినీళ్ల టబ్బులో పెట్టించాడు. ముందు తన చెయ్యి ముంచి చూశాడు.

"గోరువెచ్చగనే ఉన్నయి. పెట్టు."

ఆమె పెట్టి, మెంతికూర తుంచుకుంటూ అరగంట కూర్చుంది. సాయంత్రానికి వేళ్ల మీద బొబ్బలు లేచాయి. వెంకటనర్సయ్య వాటిని చూశాడు, తన చేతుల్ని చూసుకున్నాడు. నీళ్లు అంత కాగాయని ఆమెకు చెప్పనేలేదు.

బొబ్బలు పుండయ్యాయి. పుండు నల్లబడింది. పదిహేనో నాడు, సోమవారం, షారోన్ కట్టు విప్పి చూసి, మోకాలి కిందికి తీసెయ్యాలంది. గురువారం పెద్దాసుపత్రిలో ఆపరేషన్.

"ఇంకా నొప్పన్న రాలేదు కదమ్మా?" అన్నాడు వెంకటనర్సయ్య. అది పిచ్చిప్రశ్నని అతనికే తెలుసు.

"నొప్పి వచ్చేదాకా ఆగితే మనిషి దక్కదు."

ఇంటికొచ్చి క్యాలెండర్లో లెక్కపెట్టాడు. కాలు పోయిన మూడో నాడు, ఆదివారం, ఆ వేడినీళ్లు ఆమెను చేరతాయి. బయలుదేరిన నొప్పిని వెనక్కి పిలిచే మందు ఏ డిపార్ట్‌మెంటులోనూ లేదు. పుండు కడిగిన మంటలు, కట్టు విప్పిన మంటలు దాని వెనకే వరుసగా వస్తున్నాయి. వాటి తర్వాత తను ఆమెకు పంపాల్సినవేవైనా ఉంటే, కాలు ఉండే ఈ మూడే రోజులు.

బుధవారం పొద్దున్నే ఆమెను ఆటోలో క్యాంపస్‌కు తీసుకుపోయాడు. ఆర్ట్స్ కాలేజీ ముందు, కట్టు తడవకుండా మడమ ఒక్కటే మంచుపట్టిన గడ్డికి ఆనించాడు. సాయంత్రం పిక్కకు నువ్వుల నూనె రాశాడు.

"రేపు కోసి పారేసే కాలుకు గీ సోకులేందయ్యా?" అంది కాశమ్మ.

"ఉండు" అన్నాడు.

గురువారం పదింటికి లోపలికి తీసుకెళ్లే ముందు ఆమె సూది మందుకు మగతలో ఉంది. వెంకటనర్సయ్య దుప్పటి తొలగించి, మడమను రెండు చేతుల్లోకి తీసుకుని, పాదం మీద నుదురు ఆనించాడు. నర్సు చూసి, కాసేపు ఏవో కాగితాలు వెతుక్కుంది.

ఆదివారం రానే వచ్చింది.

"కాలుతున్నదయ్యా! తియ్యి, నీళ్లకెళ్లి తియ్యి!" అని కాశమ్మ కేకలు పెట్టింది. తియ్యడానికి కాలు లేదు. ఊదడానికి చోటు లేదు. బల్లపరుపుగా ఉన్న దుప్పటిని పట్టుకుని, ఆ అరగంటా అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నా చేతికి తెల్వలే కాశమ్మా. నేనే పెట్టుమన్న" అన్నాడు, అంతా అయ్యాక.

ఆమె గోడ వైపు తిరిగింది.

ఇంటికొచ్చాకా అంతే. తర్వాతి మంటలన్నీ పళ్లబిగువున భరించింది, అతనితో మాత్రం ఒక్క మాట లేదు. పెట్టుడుకాలికి కొలత తీసుకోవడానికి వచ్చిన మనిషిని గుమ్మంలోంచే పంపించేసింది. జావ బండి నువ్వే పెట్టుకో అని నవనీతకు చెప్పేసింది. వెంకటనర్సయ్య అన్నం వండి పక్కన పెట్టి డ్యూటీకి పోయేవాడు. వచ్చేసరికి సగం అలాగే ఉండేది.

మూడో బుధవారం పొద్దున ఆమె గోడతో అన్నట్టుగా, "గడ్డి తడిగున్నది" అంది. సాయంత్రం చాలాసేపు కళ్లు మూసుకుని పడుకుంది. వెంకటనర్సయ్యకు నూనె వాసన కూడా వచ్చినట్టనిపించింది.

మర్నాడు సెలవు పెట్టాడు. పది కావస్తుండగా గదిలో ఆ మూల కుర్చీలో కూర్చున్నాడు. కాశమ్మ మంచం మీద చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఉన్నట్టుండి ఆమె చేతులాగాయి. లేని పాదం మీద ఏదో బరువు వాలింది. వెచ్చగా ఉంది, తడిగా ఉంది, గడ్డం గరగరా గుచ్చుకుంటోంది.

కాశమ్మ కదల్లేదు. కదిపితే ఆ తల ఎక్కడ లేస్తుందోనని, లేని కాలిని అలాగే బిగబట్టి ఉంచింది. చెంపల మీంచి నీళ్లు చిక్కుడుగింజల్లోకి కారాయి.

చాలాసేపటికి, ఆ మూల కుర్చీ వైపు చూసింది.

"లే అయ్యా. ఎంతసేపు అట్ల వంగుంటవు? నడుము పట్టుకుంటది."

వెంకటనర్సయ్య లేచి నిలబడ్డాడు.

"ఆ కొలతలాయనను రేపు రమ్మను" అంది కాశమ్మ.